బ్రష్ ఆల్గే పట్టిన ప్లాంటెడ్ ట్యాంక్: చేపలకు ముప్పు రాకుండా అదుపులోకి తెచ్చిన తీరు

చేపలతోపాటు నిజమైన మొక్కలు పెరిగే అక్వేరియం, అంటే ప్లాంటెడ్ ట్యాంక్ ఇది. దానికి పట్టింది ఆల్గే, అంటే నాచు. ట్యాంక్ కొలతలు 90 × 45 × 45 సెంటీమీటర్లు. లెక్కకు 182 లీటర్లు పట్టాలి. అడుగున మొక్కల కోసం పోసిన పోషక మట్టి (సాయిల్), రాళ్లు, దుంగ తీసేస్తే అందులో నిజంగా ఉండే నీళ్లు 150 లీటర్లకు మించవు. ఈ తేడాను ముందే చెప్పడానికి కారణం ఉంది. ఏ మందైనా నీళ్ల పరిమాణాన్ని బట్టే వేయాలి. గాజు పెట్టె కొలతలు చూసి మోతాదు లెక్కేస్తే, ఇలాంటి ట్యాంక్‌లో మందు ఇరవై శాతం ఎక్కువే పడుతుంది.

మొక్కల్లో ముందు వరుసలో క్రిప్టోకోరైన్, దుంగ మీద అనుబియాస్, జావా ఫెర్న్, జావా మాస్. వెనక రోటాలా, ఓ మూలన వాలిస్నేరియా. చేపల్లో కార్డినల్ టెట్రాల గుంపు, కొన్ని కోరిడోరాస్, వాటితోపాటు చెర్రీ రొయ్యలు. మొక్కలకు కావలసిన సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ నుంచి అందుతోంది. క్యానిస్టర్ ఫిల్టర్ ఉంది, మంచి ఎల్ఈడీ లైటు ఉంది. చాలాకాలం చక్కగా నడిచిన ట్యాంక్ అది.

కొన్ని నెలల క్రితం అనుబియాస్ ఆకుల అంచున నల్లటి కుచ్చులు మొదలయ్యాయి. తర్వాత దుంగ మీదికి, ఫిల్టర్ పైపు మీదికి పాకాయి. ట్యాంక్ ఓనర్ వాటిని గోకి చూశారు, ఆకులు కత్తిరించి చూశారు. ఎరువు వల్లే ఆల్గే వస్తోందని ఎవరో చెబితే ఎరువు పూర్తిగా ఆపేశారు. ఆపాక ఇంకా పెరిగింది. చివరికి విసుగొచ్చి ఒక ఆల్గే మందు తెచ్చి, డబ్బా మీద రాసినదానికి రెట్టింపు కొలిచి, రాత్రి లైటు ఆరే ముందు పోశారు. తెల్లవారుజామున నాకు ఫోన్ వచ్చింది. "చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండీ. రొయ్యలు కదలడం లేదు" అన్నారు ఆవిడ. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రి ట్యాంక్‌లో రెండు ప్రమాదాలు ఒకేసారి జరిగాయి. ఒకటి రాగి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో కాపర్ సల్ఫేట్ అని ఉంది. చేపలు కొంతవరకు తట్టుకునే రాగి మోతాదు రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం. నీళ్లు మెత్తగా ఉన్నకొద్దీ, అంటే కాఠిన్యం, క్షారత తక్కువగా ఉన్నకొద్దీ రాగి విషం తీవ్రత పెరుగుతుంది. ఈ ట్యాంక్‌లో క్షారతను చెప్పే కేహెచ్ (కార్బనేట్ కాఠిన్యం) 4 డిగ్రీలు మాత్రమే.

రెండోది ఆక్సిజన్. చేపలను ఉక్కిరిబిక్కిరి చేసింది ఎక్కువగా ఇదే. నీళ్లు 25 డిగ్రీల దగ్గర పూర్తిగా గాలి పీల్చుకున్నా లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ మాత్రమే పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. రాత్రిపూట మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, అవి కూడా వాడుకుంటాయి. దానికి తోడు ఒక్కసారిగా చచ్చిన ఆల్గేని కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. పగలు వేసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదేమో. లైటు ఆరే వేళ, రెట్టింపు మోతాదు, ఆల్గే దండిగా ఉన్న ట్యాంక్: ఈ మూడూ కలిశాయి.

ఫోన్‌లోనే చెప్పినవి ఇవి. సీఓటూ వాల్వ్ వెంటనే మూసేయండి. ఎయిర్ పంప్ ఉంటే పెట్టండి, లేకపోతే ఫిల్టర్ పైపు మూతి పైకి తిప్పి నీటి ఉపరితలం బాగా కదిలేలా చేయండి. చచ్చిన రొయ్యలను తీసేయండి. క్లోరిన్ పోగొట్టిన, అదే వేడి ఉన్న నీళ్లతో నలభై శాతం మార్చండి. మేత వేయకండి. ఫిల్టర్ మాత్రం ఆపకండి, కడగకండి. చివరి మాట రెండుసార్లు చెప్పాను. ఇలాంటి సమయంలో చాలామంది కంగారులో ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగేస్తారు. చేపల వ్యర్థాల నుంచి, కుళ్లు నుంచి పుట్టే అమ్మోనియాను తినే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. దాన్ని కూడా చంపేస్తే, రాగి నుంచి బతికిన చేపలు అమ్మోనియాతో పోతాయి.

నేను వెళ్లేసరికి చేపలు పైనుంచి కిందికి దిగుతున్నాయి. టెట్రాలు కొన్ని పోయాయి. రొయ్యలు దాదాపు అన్నీ పోయాయి. అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, ఆ అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే ఇంకో విషం నైట్రైట్ 0.25. ఈ అమ్మోనియా అంకెను చూసి ఎంత భయపడాలన్నది పీహెచ్‌ను బట్టి ఉంటుంది. టెస్ట్ కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేప మొప్పలను కాల్చేది అయాన్ కాని భాగం మాత్రమే. పీహెచ్ 7 దగ్గర, మామూలు అక్వేరియం వేడిలో అది నూటికి ఒక పాలు కూడా ఉండదు. అదే పీహెచ్ 8కి చేరితే అయిదారు పాళ్లవుతుంది. ఈ ట్యాంక్ 6.8 దగ్గర ఉంది కాబట్టి చేపలకు గడువు దొరికింది. పీహెచ్ ఎక్కువున్న నీళ్లతో ఒకేసారి తొంభై శాతం మార్చేసి ఉంటే ఆ గడువు కూడా పోయేది. అందుకే నలభై శాతం చొప్పున, రోజు విడిచి రోజు మార్చాం. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేశాం. కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) ఉంటే, మామూలు థయోసల్ఫేట్ డీక్లోరినేటర్ క్లోరిన్‌ను తీసేసి అమ్మోనియాను వదిలిపెడుతుంది. ఫిల్టర్ దెబ్బతిన్న ట్యాంక్‌కు అది ఇంకో భారం. అమ్మోనియాను కూడా పట్టి ఉంచే రకాన్నే వాడమన్నాను.

ఆ వారమంతా ఆల్గే జోలికి వెళ్లలేదు. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా ఒక్క మందు కూడా వద్దని ముందే చెప్పాను. ఆవిడకు ఓపిక పట్టడం కష్టమైంది. నల్లటి కుచ్చులు కళ్లెదురుగానే ఉన్నాయి మరి. రెట్టింపు మందుకు కూడా అవి పూర్తిగా చావలేదు. రొయ్యలు పోయాయి, అవి మిగిలాయి. రాగి మందులకు నేను ప్లాంటెడ్ ట్యాంక్‌లో చోటివ్వకపోవడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఏది ఏ ఆల్గే

ట్యాంక్‌లో మూడు రకాలున్నాయి. వీటిని విడివిడిగా గుర్తుపట్టకుండా వైద్యం మొదలుపెట్టకూడదు.

అనుబియాస్ అంచున, దుంగ మీద, పైపు మూతి దగ్గర ఉన్నది బ్లాక్ బ్రష్ ఆల్గే. పొట్టిగా, దట్టంగా, నలుపూ బూడిదా కలిసిన రంగులో ఉంటుంది. వేలితో రుద్దితే ఊడదు. చూడ్డానికి నల్లగా ఉన్నా ఇది ఎర్ర ఆల్గే జాతిది. ఒక కుచ్చు కోసి స్పిరిట్‌లో వేస్తే ఆకుపచ్చ కరిగిపోయి లోపలి ఎరుపు బయటపడుతుంది. అనుమానం ఉన్నప్పుడు నేను ఇలాగే తేల్చుకుంటాను. నెమ్మదిగా పెరిగే ఆకులంటే దీనికి ఇష్టం. అనుబియాస్ ఆకు నెలల తరబడి అదే చోట ఉంటుంది కాబట్టి దాని మీద స్థిరపడుతుంది.

అద్దం మీద, పాత ఆకుల మీద గట్టి ఆకుపచ్చ చుక్కలున్నాయి. అది గ్రీన్ స్పాట్. లైటు ఎక్కువై, ఫాస్ఫేట్ తక్కువైన చోట ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మూడోది జావా మాస్‌లో చిక్కుపడిన క్లాడోఫోరా. కొమ్మలు కొమ్మలుగా, పట్టుకుంటే గరుకుగా ఉండే ఆకుపచ్చ దారాలు. మొండితనంలో బ్రష్ ఆల్గే కన్నా ఇదే ఎక్కువ. దీని సంగతి తర్వాత చెబుతాను.

ఆల్గేలా కనిపించే బ్యాక్టీరియా, సయనోబ్యాక్టీరియా, ఇక్కడ లేదు. ఉంటే జిగురు పొరలా ఆకుల మీద పరుచుకునేది, మట్టి కంపు కొట్టేది. నీళ్లు పచ్చగా మారలేదు. అందుకే యూవీ లైటు ప్రస్తావనే రాలేదు. యూవీ తన గొట్టంలోంచి పోయే నీళ్లలో తేలే ఆల్గేని చంపుతుంది. దుంగకు పట్టుకున్న కుచ్చును అది ఏమీ చేయలేదు.

ఎక్కడ గాడి తప్పింది

బ్రష్ ఆల్గే కనిపిస్తే నేను మొదట చూసేది సీఓటూ. తక్కువగా ఉందా ఎక్కువగా ఉందా అన్నది రెండో ప్రశ్న. రోజూ ఒకేలా ఉందా అన్నదే మొదటి ప్రశ్న.

నీళ్లలోని సీఓటూను రంగు మార్పుతో చూపే చిన్న పరికరం డ్రాప్ చెకర్. ఇక్కడ అది ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉండేది. ఆకుపచ్చ అంటే లీటరుకు 30 మిల్లీగ్రాములు, కాబట్టి అంతా బాగుందని ఆవిడ నమ్మకం. లోపల పోసిన నీళ్లేమిటని అడిగాను. ట్యాంక్ నీళ్లే పోసి రంగు చుక్కలు వేశానన్నారు. అక్కడే దొరికింది. డ్రాప్ చెకర్‌లో 4 డిగ్రీల కేహెచ్‌కు కచ్చితంగా తయారుచేసిన ద్రావణమే పోయాలి. అప్పుడే బ్రోమోథైమాల్ బ్లూ అనే ఆ రంగు చుక్కలు చూపించే ఆకుపచ్చకు 30 అనే అర్థం ఉంటుంది. ట్యాంక్ నీళ్లలో కేహెచ్ వారం వారం మారుతుంది, దుంగ నుంచి ఊరే ఆమ్లాలు కూడా కలుస్తాయి. ఆ రంగును నమ్మలేం. ద్రావణం సరైనదే అయినా డ్రాప్ చెకర్ గంట, రెండు గంటలు వెనకబడే చెబుతుంది.

నమ్మదగిన పద్ధతి పీహెచ్ తేడా చూడటం. ట్యాంక్ నీళ్లు ఒక గ్లాసులో తీసి రాత్రంతా తెరిచి ఉంచితే అందులోని అదనపు సీఓటూ పోతుంది. ఆ నీళ్ల పీహెచ్‌కూ, లైటు వెలిగే వేళకు ట్యాంక్‌లో ఉన్న పీహెచ్‌కూ ఒక పాయింటు తేడా ఉంటే సీఓటూ పది రెట్లయినట్టు. గాలితో సమతుల్యంలో ఉన్న నీళ్లలో ఎలాగూ కొద్దిగా ఉంటుంది కాబట్టి, ఒక పాయింటు తేడాను 30 మిల్లీగ్రాముల దరిదాపుగా తీసుకుంటాం. ఇక్కడ గ్లాసు నీళ్లు 7.5 చూపించాయి. లైటు వెలిగే వేళకు ట్యాంక్‌లో 7.2. మధ్యాహ్నానికి 6.7. లైటు ఆరే ముందు 6.4. అంటే మొక్కలకు ఎక్కువ అవసరమైన మొదటి గంటల్లో సీఓటూ లేదు. చేపలు భారంగా ఊపిరి తీసుకునే సాయంత్రం వేళకు పట్టనంత ఉంది. మర్నాడు కొలిస్తే అంకెలు మళ్లీ వేరు.

కారణం వెతికితే మూడు దొరికాయి. సిలిండర్‌కు సొలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) ఉన్నా టైమర్‌కు కలపలేదు. ఆవిడ రోజూ చేత్తో వాల్వ్ తిప్పి, బుడగలు కంటితో లెక్కపెట్టి వదిలేవారు. ఫిల్టర్ స్పాంజి పూడుకుపోయి నీటి ప్రవాహం సగానికి తగ్గింది, దుంగ వెనక నీళ్లు నిలిచిపోతున్నాయి. మూడోది సిలిండర్ చివరికొచ్చింది.

సిలిండర్ విషయం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది చేపల ప్రాణాలకు సంబంధించినది. సిలిండర్‌లో సీఓటూ ద్రవంగా ఉంటుంది. ద్రవం ఉన్నంతకాలం ఎంత వాడినా మీటర్ ఒకేచోట నిలబడుతుంది. 20 డిగ్రీల దగ్గర అది సుమారు 57 బార్. ద్రవం అయిపోయాకే ముల్లు కిందికి దిగడం మొదలవుతుంది, ఇక వేగంగా దిగుతుంది. అందుకే మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. సిలిండర్‌ను తూకం వేసే తెలుసుకోవాలి. అంతకన్నా ముఖ్యం, గ్యాసు ఒత్తిడిని ఒకే దశలో తగ్గించే కొన్ని సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్లలో లోపలి ఒత్తిడి పడిపోయే దశలో బయటికొచ్చే ఒత్తిడి పెరుగుతుంది. రాత్రికి రాత్రి మిగిలిన గ్యాసంతా ట్యాంక్‌లోకి దిగి చేపలు చనిపోయిన సందర్భాలున్నాయి. ఈ ఇంట్లో ముల్లు అప్పటికే దిగుతోంది. అది చూశాక నాకు ఆల్గే కన్నా సిలిండరే పెద్ద భయంగా అనిపించింది. వెంటనే మార్పించాను.

లైటు సంగతి త్వరగా తేలింది. రోజుకు పది గంటలకు పైగా, పూర్తి శక్తితో వెలుగుతోంది. సాయంత్రం కిటికీలోంచి ఎండ కూడా పడుతోంది. సీఓటూ సరిగా లేని ట్యాంక్‌లో అంత వెలుతురును మొక్కలు వాడుకోలేవు.

ఇక ఎరువు. నైట్రేట్ 5 మిల్లీగ్రాముల లోపు, ఫాస్ఫేట్ దాదాపు సున్నా. రోటాలా కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, జావా ఫెర్న్ ఆకుల మీద మచ్చలు. ఎరువు ఆపితే ఆల్గే ఆకలితో చస్తుందన్న ఆలోచన కొత్తది కాదు. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ ఫాస్ఫేట్‌ను తక్కువగా ఉంచి ఆల్గేని అదుపు చేయవచ్చని రాశారు. మొక్కలకు నైట్రేట్, పొటాషియం, సూక్ష్మ పోషకాలు అందించాలని కూడా వాళ్లే చెప్పారు. జనం మొదటి సగాన్ని మాత్రం గుర్తుపెట్టుకున్నారు. తర్వాత ప్లాంటెడ్ ట్యాంక్‌ల మీద ప్రయోగాలు చేసిన టామ్ బార్ లాంటివాళ్లు, మొక్కలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంక్‌లో ఫాస్ఫేట్ కలిపినా ఆల్గే రాదని చూపించారు. నేను చూసిన ట్యాంక్‌లన్నీ ఈ రెండో మాటనే బలపరుస్తున్నాయి. ఆల్గేకి కావలసింది చాలా తక్కువ, ఎంత లేమిలోనైనా దానికి సరిపోయేంత దొరుకుతుంది. ముందు పస్తుండేది మొక్కలే. కుళ్లుతున్న ఆకుల నుంచి వచ్చే పోషకాలతో ఆల్గే పెరుగుతుంది.

వద్దనుకున్న మందులు

ద్రవ కార్బన్ పేరుతో దొరికే గ్లూటరాల్డిహైడ్ బ్రష్ ఆల్గే మీద బాగా పనిచేస్తుంది, ఆ మాట నిజం. అయితే వాలిస్నేరియా దానికి కరిగిపోతుంది, కొన్ని మాస్‌లు కూడా తట్టుకోవు. ఆసుపత్రి పరికరాలను శుద్ధి చేయడానికి వాడే రసాయనమది. చర్మానికి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలు తిరిగే ఇంట్లో చేతికందేచోట ఉంచడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న ఫిల్టర్ మీద ప్రయోగం చేయడం అంతకన్నా ఇష్టం లేదు.

మూడు రోజులు చీకట్లో ఉంచడం సయనోబ్యాక్టీరియాకు, పచ్చనీళ్లకు పనికొస్తుంది. బ్రష్ ఆల్గే దానికి లొంగదు, పైగా నీరసపడిన రోటాలా చచ్చేది. యాంటీబయాటిక్స్ సయనోబ్యాక్టీరియాకే పనిచేస్తాయి, ఇక్కడ వాటితో పని లేదు. బ్లీచ్ ద్రావణంలో అనుబియాస్ ముంచి తీయడం తెలిసిన పద్ధతే. కానీ ఈ ట్యాంక్‌లో పెరాక్సైడ్ వాడాలని అప్పటికే అనుకున్నాను. ఒకే పనిలో ఆ రెండూ చేతిలో ఉండకూడదు. బ్లీచ్‌ను పెరాక్సైడ్‌తో గానీ, ఆమ్లంతో గానీ ఎప్పుడూ కలవనివ్వకూడదు.

చేసిన వైద్యం

ముందు పరిస్థితులు సరిదిద్దాం, మందు తర్వాత. సీఓటూ సొలెనాయిడ్‌ను టైమర్‌కు కలిపాం. లైటుకు రెండు గంటల ముందు మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగేలా పెట్టాం. డ్రాప్ చెకర్‌లో సరైన ద్రావణం పోశాం. బుడగల వేగం ఒక్కసారిగా పెంచలేదు. కొద్దిగా పెంచడం, ఒకటి రెండు రోజులు చేపలను గమనించడం, మళ్లీ కొద్దిగా పెంచడం. చేపల మొప్పలు వేగంగా ఆడితే వెనక్కి తగ్గడం. ఇలా లైటు వెలిగే వేళకే పీహెచ్ ఒక పాయింటు దిగి, సాయంత్రం దాకా అక్కడే నిలబడేలా తెచ్చాం. రాత్రి ఎయిర్ పంప్ నడిచేలా ఇంకో టైమర్ పెట్టాం.

లైటు ఆరు గంటలకు తగ్గించి, తీవ్రత అరవై శాతానికి దించాం. కిటికీకి కర్టెన్ వేయమన్నాను. ఫిల్టర్ స్పాంజి సగం మాత్రం, ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండాం. మిగతా సగం రెండు వారాల తర్వాత. దుంగ వెనక పేరుకున్న మడ్డిని సైఫన్‌తో పైపైన లాగాం. సాయిల్‌లోకి గొట్టం దింపలేదు. లోతు కదిలిస్తే అక్కడ నిలవున్న అమ్మోనియా పైకొస్తుంది. ఎరువు మళ్లీ మొదలుపెట్టి, నైట్రేట్ 10 నుంచి 20 మధ్య, ఫాస్ఫేట్ 1 దగ్గర ఉండేలా చూశాం. వారానికోసారి సగం నీళ్లు మార్చాం. త్వరగా పెరిగే లిమ్నోఫిలా, సెరటోఫిలమ్ కొంత తెచ్చి వెనక ఖాళీలో వేశాం. అవి శాశ్వతంగా ఉండాల్సిన అవసరం లేదు, ట్యాంక్ కుదుటపడ్డాక తీసేయవచ్చు.

ఇప్పుడు ఆల్గే. ఎక్కువగా పట్టిన అనుబియాస్ ఆకులు కోసేశాం, అయితే ఒకసారికి మూడోవంతు మించకుండా. దుంగను బయటికి తీయగలిగాం. అనుబియాస్, ఫెర్న్ దానికే కట్టి ఉండటం కలిసొచ్చింది. మాస్‌ను విప్పి పక్కన పెట్టి, దుంగ మీది కుచ్చుల మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్‌తో రాశాం. అయిదు నిమిషాలాగి, బాగా కడిగి లోపల పెట్టాం. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. 3 శాతానికి మించిన ద్రావణాన్ని ఇంట్లో వాడకండి. 35 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు.

బయటికి రాని రాళ్ల మీది ఆల్గేకి ట్యాంక్‌లోనే సిరంజితో వేశాం. ఫిల్టర్ ఆపి, నీళ్లు నిలిచాక, సిరంజి మొనను కుచ్చుకు ఆనించి నెమ్మదిగా వదలాలి. వెంటనే సన్నటి బుడగలు లేస్తాయి. అయిదారు నిమిషాల తర్వాత ఫిల్టర్ మళ్లీ వేయాలి. ఇది మర్చిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి, ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది. నాలుగు లీటర్ల నీళ్లకు ఒక మిల్లీలీటర్ అన్నది చాలామంది పాటించే హద్దు. ఆ లెక్కన ఈ ట్యాంక్‌కు 37 మిల్లీలీటర్ల దాకా వేయొచ్చు. నేను 15 నుంచి 20 దగ్గరే ఆపాను. అది కూడా పగలే, ఎయిర్ పంప్ నడుస్తుండగా, మాస్‌కూ వాలిస్నేరియాకూ దూరంగా. పెరాక్సైడ్ చివరికి నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది, శేషం మిగలదు. ఆల్గే చావు మాత్రం మిగులుతుంది. ఒకసారికి అరచేయంత చోటు, మళ్లీ మూడు నాలుగు రోజుల తర్వాతే ఇంకో చోటు.

"అన్నిటికీ ఒకేరోజు వేసేస్తే పని అయిపోతుంది కదండీ" అని ఆవిడ అడిగారు. అయిపోతుంది, ట్యాంక్ కూడా అయిపోతుంది. మొదటి రాత్రి చేపలు పైకి తేలింది రాగి ఒక్కదాని వల్లే కాదు, ఒకేసారి కుళ్లిన ఆల్గే వల్ల కూడా. మందు ఎంత మెత్తనిదైనా, చచ్చేది ఎంతన్నది చేప చూసుకోదు కదా, మనమే చూసుకోవాలి. ట్యాంక్ ఒక విడతలో ఎంత కుళ్లును అరిగించుకోగలదో అంతే చంపాలి. పెరాక్సైడ్ వేసిన మర్నాడు అమ్మోనియా కొలిచేవాళ్లం. కొద్దిగానైనా కనిపిస్తే తర్వాతి విడత వాయిదా.

రెండు మూడు రోజుల్లో నల్లటి కుచ్చులు గులాబీ రంగుకు తిరిగాయి, ఆ తర్వాత తెల్లబడ్డాయి. బ్రష్ ఆల్గే చచ్చిందనడానికి అదే గుర్తు. తెల్లబడినవి కొన్ని ఊడి ఫిల్టర్‌లోకి వెళ్లాయి, కొన్ని మేమే సైఫన్ చేశాం.

మాస్ కథ వేరు. అందులోని క్లాడోఫోరాను చేత్తో, పాత టూత్‌బ్రష్‌తో చుట్టి లాగాం. ఎంత లాగినా ఒక్క తునక మిగిలితే మళ్లీ అల్లుకుంటుంది. పెరాక్సైడ్ వేస్తే మాస్ కూడా దెబ్బతింటుంది. నా సలహా ఒక్కటే: పారేయండి. చాలా ఇష్టంగా పెంచుకున్న మాస్ కావడంతో ఆవిడకు మనసొప్పలేదు. చివరికి శుభ్రంగా ఉన్న కొసలు నాలుగైదు కత్తిరించి, వేరే గిన్నెలో పెట్టి, దారాలు రావడం లేదని నమ్మకం కుదిరాకే ట్యాంక్‌లో వేశాం. మిగతాదంతా తీసేశాం. మందుకు లొంగని ఆల్గే విషయంలో కత్తెర కన్నా క్షేమమైన దారి నాకు తెలియదు.

మెరుగు ఎక్కడ చూడాలి

ఈ కేసులో ఎక్కువ ఓపిక తీసుకున్నది ఇదే. పాత ఆకును చూసి ఆల్గే తగ్గలేదని దిగులుపడితే దారి తప్పుతాం. ఒకసారి పాడైన అనుబియాస్ ఆకు మళ్లీ కొత్తదిలా కాదు. కొత్తగా విచ్చుకున్న ఆకును చూడాలి. దాని అంచు శుభ్రంగా ఉంటే ట్యాంక్ బాగుపడుతున్నట్టే, పాత ఆకులు ఎంత నల్లగా ఉన్నా సరే. అందుకే ఒక అనుబియాస్ కొమ్మను ఎంచుకుని, వారం వారం అదే కోణంలో ఫొటో తీయమన్నాను. మూడు నాలుగు వారాలకు మొదటి కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది. ఆ ఫొటో ఆవిడ నాకు పంపినప్పుడు, ఇక మందు అడగరని అర్థమైంది.

మధ్యలో ఒక వెనకడుగు పడింది. లైటు తగ్గించాక రోటాలా ఎరుపు తగ్గి పచ్చబడింది. రంగు పోతోందని ఆవిడ లైటు మళ్లీ పూర్తి శక్తికి పెట్టారు. వారం తిరక్కుండానే అద్దం మీద ఆకుపచ్చ చుక్కలు దట్టమయ్యాయి. సీఓటూ, ఎరువు సరిగానే ఉన్నా, అప్పటికి మొక్కల ఆకు మొత్తం ఇంకా తక్కువే. అంత వెలుతురు తీసుకునే స్థితికి అవి రాలేదు. మళ్లీ తగ్గించి, ఆ తర్వాత రెండు వారాలకోసారి అరగంట చొప్పున పెంచుకుంటూ వచ్చాం.

ఆల్గే తినే జీవులను మొదట్లో తేవద్దన్నాను. రాగి మిగిలి ఉంటే కొత్త రొయ్యలు కూడా పోతాయి. సాయిల్‌లోనూ రాగి అంటుకుని ఉండొచ్చు. కాపర్ టెస్ట్ కిట్‌తో పలుమార్లు సున్నా వచ్చాక, ముందు రెండే రొయ్యలను వేసి చూశాం. అవి పొర విడిచి ఆరోగ్యంగా తిరిగాక మిగతావి తెచ్చాం. ఈసారి అమానో రొయ్యలను ఎంచుకున్నాం. వీటిని ప్లాంటెడ్ ట్యాంక్‌కు పరిచయం చేసినవాడు జపాన్‌కు చెందిన తకాషి అమానో, ఆయన పేరే వీటికి స్థిరపడింది. చెర్రీ రొయ్యల కన్నా పెద్దవి, దారపు ఆల్గేని గట్టిగా తింటాయి. పిల్ల దశకు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి కాబట్టి మంచినీటి ట్యాంక్‌లో సంతతి పెరగదు. అద్దం చుక్కలకు నెరైట్ నత్తలు వేశాం. అవి దుంగ మీద తెల్లటి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మంచినీటిలో పిల్లలు కావు, గోకినా త్వరగా రావు. ఆ సంగతి ఓనర్‌కు ముందే చెప్పడం మంచిది.

సయామీస్ ఆల్గే ఈటర్ బ్రష్ ఆల్గేని తినే కొద్ది చేపల్లో ఒకటి, ముఖ్యంగా చిన్న వయసులో. ఆవిడ కూడా అడిగారు. వద్దన్నాను. అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పెద్దయ్యాక మేతకు అలవాటుపడి ఆల్గేని పట్టించుకోదు. పైగా అదే పేరుతో వేరే చేపలు అమ్ముతుంటారు. అసలైనదానికి నల్ల చార తోక చివరిదాకా వెళ్తుంది, రెక్కలు రంగు లేకుండా ఉంటాయి. చైనీస్ ఆల్గే ఈటర్ అయితే పెరిగేకొద్దీ పోట్లాటకు దిగి, మిగతా చేపల పక్కలకు అంటుకుని గాయపరుస్తుంది.

ప్రస్తుత పరిస్థితి ఇది. లైటు ఏడున్నర గంటలు, తీవ్రత డెబ్బై శాతం. పీహెచ్ లైటు వేళకే 6.5 దగ్గరికి చేరి, సాయంత్రం దాకా కదలడం లేదు. నైట్రేట్ 15 దగ్గర. రోటాలా కొసలు మళ్లీ ఎర్రబడ్డాయి. దుంగ మీద బ్రష్ ఆల్గే లేదు. ఫిల్టర్ పైపు మూతి దగ్గర, ప్రవాహం జోరుగా ఉన్నచోట, కొద్దిగా మిగిలింది. దానికి మందు వేయడం లేదు. నెలకోసారి పైపు తీసి బయట తోమి పెడుతున్నారు. సిలిండర్ కొత్తగా నింపినప్పటి బరువు, ఖాళీ బరువు రెండూ దాని మెడకు చీటీ మీద రాసి కట్టాం. నెలనెలా తూకం వేసి, గ్యాసు పూర్తిగా అయిపోకముందే మార్చేస్తున్నారు. ఆల్గే మందు డబ్బా ఇంట్లో లేదు.